లేఅవుట్ పార్కులో కమ్యూనిటీ హాలు, పక్క భూమికి జోన్ మార్పు: అభ్యంతరం ఎవరికి, ఏ ఆధారంతో రాయాలి?

ప్రశ్న

మేము హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డుకు అవతల, హెచ్.ఎం.డి.ఎ. (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) పరిధిలోని ఒక మున్సిపాలిటీలో ఉంటున్నాము. మా లేఅవుట్ 2007లో డి.టి.సి.పి. (పట్టణ, గ్రామీణ ప్రణాళికా విభాగం) అనుమతితో వేసినది, విస్తీర్ణం ఇరవై ఎకరాలు. అందులో రెండు ఎకరాలు పార్కుకు వదిలినట్లు అనుమతి పత్రంలో ఉంది. అప్పట్లో మాది గ్రామ పంచాయతీ. 2018లో మున్సిపాలిటీ అయింది. ఆ రెండు ఎకరాల్లో ఒక మూల ఇప్పటికే నీళ్ల ట్యాంకు కట్టారు. మిగిలిన చోట కానుగ చెట్లు, రెండు పెద్ద వేపలు, గొలుసు తెగిన ఒక ఉయ్యాల, వానాకాలంలో మోకాలి ఎత్తు గడ్డి ఉన్నాయి. చూడటానికి పాడుపడినట్లే ఉంటుంది కాని, సాయంత్రమైతే మా పిల్లలే కాక పక్కనున్న అనుమతి లేని వెంచర్ల పిల్లలు కూడా ఆడుకోవడానికి ఇక్కడికే వస్తారు. ఇప్పుడు అందులో అర ఎకరం తీసుకొని కమ్యూనిటీ హాలు కట్టాలని మా సంఘంలోని కొందరు పెద్దలు, స్థానిక నాయకులు పట్టుబడుతున్నారు.

ఈ గొడవ నడుస్తుండగానే మరొకటి వచ్చిపడింది. మా లేఅవుట్‌కు ఉత్తరాన, చెరువులోకి నీరు తెచ్చే వాగును ఆనుకొని ఉన్న ఎనిమిది ఎకరాలను మాస్టర్ ప్లాన్‌లోని రిక్రియేషనల్ జోన్ నుంచి రెసిడెన్షియల్ జోన్‌కు మార్చాలని ప్రతిపాదిస్తూ, 15 రోజుల్లోగా అభ్యంతరాలు, సూచనలు తెలపాలని ప్రకటన వచ్చింది. అది పత్రికలో టెండర్ నోటీసుల మధ్య చిన్న అక్షరాల్లో పడింది. మా దృష్టికి వచ్చేసరికే కొన్ని రోజులు గడిచిపోయాయి.

వాట్సాప్ గ్రూపులో అందరూ ఒకే ఉత్తరం మీద సంతకాలు పెట్టి పంపుదామంటున్నారు. అలా పంపితే ఎవరైనా చదువుతారా? పార్కు సంగతి, జోన్ సంగతి కలిపి రాయవచ్చా? "పర్యావరణం దెబ్బతింటుంది" అన్నంత మాత్రాన సరిపోతుందా? అనుభవమున్నవారు వివరంగా చెప్పగలరని మనవి.

సమాధానం 1 (విశ్రాంత టౌన్ ప్లానింగ్ ఉద్యోగి)

దయచేసి ఈ రెండింటినీ ఒకే ఉత్తరంలో రాయకండి. చూపుకు రెండూ పచ్చని ఖాళీ స్థలాలే అయినా, చట్టం దృష్టిలో వాటికి పొత్తు లేదు. మీ పార్కు అనుమతి పొందిన లేఅవుట్‌లో ప్రజల కోసం విడిచిన స్థలం. 2002 నాటి గ్రామ పంచాయతీ లేఅవుట్ నిబంధనల ప్రకారం మొత్తం విస్తీర్ణంలో పది శాతాన్ని ఖాళీ స్థలంగా వదిలి, రోడ్లతోపాటు ఉచితంగా పంచాయతీకి దఖలు పరచాలి. పంచాయతీ మున్సిపాలిటీగా మారినప్పుడు ఆ ఆస్తి మున్సిపాలిటీకి సంక్రమిస్తుంది. ఉత్తరాన ఉన్న ఎనిమిది ఎకరాలు అలాంటివి కావు. అది ప్రైవేటు భూమి. మాస్టర్ ప్లాన్ మ్యాప్‌లో జోన్‌ను సూచిస్తూ దానికి ఒక రంగు వేశారు, అంతే. ఆ రంగు మార్చే అధికారం హెచ్.ఎం.డి.ఎ. చట్టం, 2008లోని సెక్షన్ 15 కింద ప్రభుత్వానికి ఉంది. కాబట్టి మొదటి విషయంలో మీరు హక్కును అడుగుతున్నారు, రెండవ విషయంలో ప్రభుత్వ విచక్షణకు కారణాలు చూపిస్తున్నారు. రెండూ కలిపి రాస్తే బలమైన వాదన బలహీనమైనదానితో పాటు ఒకే ఫైలులో మూలపడుతుంది.

ఇక అభ్యంతరాలు చదువుతారా అంటే, చదువుతారు. కాని మీరనుకునే పద్ధతిలో కాదు. ప్రకటన గడువు ముగిశాక వచ్చిన అభ్యంతరాలన్నింటినీ ఒక పట్టికగా వేస్తారు. ఎవరు పంపారు, ఏమి అడిగారు, దానికి కార్యాలయం వ్యాఖ్య ఏమిటి అని అందులో గడులుంటాయి. రెండు వందల మంది ఒకే ఉత్తరం పంపితే పట్టికలో అది "స్థానికులు వ్యతిరేకిస్తున్నారు" అనే ఒక్క వరుసగా మిగులుతుంది, ఎదురుగా "సాధారణ స్వభావం గలది" అని రాసి ముగిస్తారు. అదే ఒక ఉత్తరం సర్వే నంబరు పేర్కొని, ఆ భూమిలో ఏ భాగం చెరువు ఎఫ్.టి.ఎల్.లోకి (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీరు నిలిచే హద్దులోకి), ఏ భాగం వాగు బఫర్‌లోకి (కట్టడాలు లేకుండా విడవవలసిన అంచులోకి) వస్తుందో అడిగితే, నీటిపారుదల శాఖ నివేదిక చూడకుండా ఆ గడి నింపడం కష్టం. 2012 నాటి జీవో 168 ప్రకారం పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుల చుట్టూ 30 మీటర్లు, అంతకంటే చిన్న చెరువులకు 9 మీటర్లు బఫర్ విడిచిపెట్టాలి. మీ చెరువు ఏ కోవలోకి వస్తుందో ముందుగా తెలుసుకోండి.

నేనైతే జోన్ మార్పు గురించి నాలుగైదు భిన్నమైన ఉత్తరాలు రాయిస్తాను. వరద నీరు ఎటు పోతుందని ఒకటి అడగాలి. ఆ ఎనిమిది ఎకరాలకు చేరే రోడ్డు వెడల్పు ఎంత, అక్కడ గేటెడ్ కమ్యూనిటీ వస్తే దాని రాకపోకలకు చాలుతుందా అని మరొకటి అడగాలి. ఇంకొకటి ఈ ప్రాంతంలో తలసరి ఖాళీ స్థలం ఎంత మిగిలిందో లెక్క చెప్పమనాలి. కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ 2014లో వెలువరించిన యు.ఆర్.డి.పి.ఎఫ్.ఐ. మార్గదర్శకాలు మనిషికి పది నుంచి పన్నెండు చదరపు మీటర్ల ఖాళీ స్థలం ఉండాలని, ఐదు వేల జనాభాకు ఐదు వేల చదరపు మీటర్ల పార్కు ఒకటి ఉండాలని సూచిస్తున్నాయి. ఇవి నియమాలు కావు, సూచనలు మాత్రమే. అయినా అధికారి ముందు ఉంచదగిన కొలబద్ద ఇదే. ప్రతి ఉత్తరం చివర "మా అభ్యంతరాన్ని తిరస్కరిస్తే కారణాలు లిఖితపూర్వకంగా తెలపాలి" అని రాయడం, కార్యాలయంలో ఇచ్చి రెండో కాపీ మీద తేదీ ముద్ర వేయించుకోవడం మరవకండి. అవే ప్రతులను స్పీడ్ పోస్టులో కూడా పంపండి. ఈ ముద్ర ఎంత చిన్న విషయంగా కనిపించినా, రేపు కోర్టు మెట్లెక్కవలసి వస్తే మీరు గడువులోగా మాట్లాడారని చెప్పేది అదొక్కటే.

సమాధానం 2 (పొరుగూరి రైతు కుటుంబం)

పైన రాసిన పెద్దల మాటలతో నాకు పేచీ లేదు. కాని ఆ రిక్రియేషనల్ జోన్ గురించి మా వైపు నుంచి కూడా ఒక మాట వినాలి. మీరు చెబుతున్నటువంటి రంగులోనే మా ఊళ్లో మాకు ఎకరం ఇరవై గుంటలు ఉంది. 2013 జనవరిలో మాస్టర్ ప్లాన్ 2031 వచ్చినప్పుడు మా పొలం మీద ఆకుపచ్చ రంగు పడిందన్న సంగతి మాకు చాలా ఏళ్ల వరకు తెలియదు; అమ్మాయి పెళ్లికి కొంత అమ్ముదామని బేరం పెట్టినప్పుడు, కొనేవాళ్లు మ్యాప్ తీసి చూపిస్తే తెలిసింది. ప్రభుత్వం ఆ పొలాన్ని పార్కు కోసం కొనలేదు, పరిహారం ఇవ్వలేదు, ఒక్క మొక్క నాటలేదు. ఇల్లు కట్టుకోవడానికి మాత్రం అనుమతి లేదు. నగరం నుంచి వచ్చి ప్లాట్లు కొన్నవారికి పచ్చదనం కావాలి, నిజమే. దాని ధర మొత్తం రెండెకరాల రైతు భరించాలంటే న్యాయమా?

2023 జనవరిలో కామారెడ్డిలో, జగిత్యాలలో జరిగినదంతా ఇందుకే కదా. ముసాయిదా మాస్టర్ ప్లాన్‌లో తమ పొలాలు ఏ జోన్‌లోకి పోయాయో చూసుకొని రైతులు రోడ్డెక్కారు. చివరకు ఆ మున్సిపల్ కౌన్సిళ్లే ముసాయిదాను వద్దంటూ తీర్మానాలు చేయవలసి వచ్చింది. అభ్యంతరాలు తెలపడానికి అక్కడా గడువు ఇచ్చారు. కాని మ్యాప్ చదవడం తెలియనివాడికి ఎన్ని రోజులు గడువిస్తే ఏమి లాభం? సర్వే నంబర్లవారీగా జాబితా వేసి గ్రామసభలో చదివి వినిపిస్తే సగం తగవు అక్కడే తీరేది.

ఇంకొకటి గమనించండి. మీరు చూసిన ప్రకటన ఎనిమిది ఎకరాలు ఒకే చేతిలో ఉన్నవారి కోసం వచ్చింది. దాని పక్కనే అదే రంగులో ఉన్న చిన్న కమతాలకు ఆ ప్రకటన వర్తించదు. కన్సల్టెంట్‌ను పెట్టుకొని, ఛార్జీలు కట్టి, ఫైలు వెంట తిరగగలిగినవారికే జోన్ మారుతుంది. కాబట్టి మీరు అభ్యంతరం రాసేటప్పుడు "ఈ ఎనిమిది ఎకరాలు మార్చవద్దు" అని మాత్రమే రాస్తే అది మా మెడకు కూడా చుట్టుకుంటుంది. "ముక్కలు ముక్కలుగా మార్చవద్దు; వాగు వెంట ఉన్న జోన్ మొత్తాన్ని ఒకేసారి సమీక్షించండి; నిజంగా పచ్చగా ఉంచవలసిన భాగాన్ని పరిహారమో, టి.డి.ఆర్.ఓ (భూమికి బదులు వేరేచోట వాడుకునే, అమ్ముకునే నిర్మాణ హక్కు) ఇచ్చి తీసుకోండి; మిగిలినదాన్ని వదిలేయండి" అని రాయండి. అప్పుడు మా ఊరివాళ్లు కూడా మీ పక్కన సంతకం పెడతారు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. రైతు సోదరుడు చెప్పిన కోణం మా గ్రూపులో ఇంతవరకు ఎవరూ ఎత్తలేదు. వాగు వెంట ఉన్న భాగాన్ని విడిగా గుర్తించి పరిహారంతో తీసుకోవాలన్న మాటను మా ఉత్తరాల్లో తప్పకుండా చేరుస్తాము; ఈ ఆదివారం మీ ఊరికే వచ్చి పెద్దలతో మాట్లాడాలని కూడా అనుకున్నాము.

పార్కు విషయంలో మాత్రం చిక్కు ముదిరింది. పార్కు స్థలాన్ని పంచాయతీకి రాసిచ్చిన గిఫ్ట్ డీడ్ (దాన దస్తావేజు) ప్రతి ఇవ్వమని మున్సిపల్ కార్యాలయంలో అడిగితే, పంచాయతీ నుంచి ఆ ఫైలు తమకు రాలేదని నోటిమాటగా చెప్పి పంపించారు. గిఫ్ట్ డీడ్ లేకపోతే ఆ స్థలం ఇంకా వెంచర్ వేసినవారిదే అవుతుందని, వారి దగ్గర అనుమతి తీసుకొని హాలు కట్టుకోవచ్చని సంఘంలో ఒకరు వాదిస్తున్నారు. హాలు కావాలనేవారిలో స్వార్థపరులెవరూ లేరని కూడా చెప్పాలి. శుభకార్యమైనా అశుభమైనా ఇక్కడ వాకిట్లో షామియానా వేయవలసిందే. ఫంక్షన్ హాలు అద్దె మామూలు ఉద్యోగికి అందేది కాదు.

సమాధానం 3 (మరొక కాలనీ సంఘం కార్యదర్శి, న్యాయవాది)

ఫైలు రాలేదన్న జవాబుతో ఆగకండి. గిఫ్ట్ డీడ్ రిజిస్టరయి ఉంటే, దాని నకలు మున్సిపాలిటీలో లేకపోయినా సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో ఉంటుంది. లేఅవుట్ సర్వే నంబర్ల మీద 2006 నుంచి ఈనాటి వరకు ఈ.సి. (ఆస్తిపై జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాల పత్రం) తీయించండి; పంచాయతీ పేరిట దానం జరిగి ఉంటే అందులో నమోదు కనిపిస్తుంది. ఆ దస్తావేజు నంబరుతో సర్టిఫైడ్ కాపీ తీసుకోవచ్చు. దానితోపాటు సమాచార హక్కు చట్టం కింద డి.టి.సి.పి. కార్యాలయానికి దరఖాస్తు పెట్టి, ఆమోదించిన లేఅవుట్ నక్షా ప్రతిని అడగండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. నకలు అడగడమే కాక ఫైలును స్వయంగా పరిశీలించే హక్కు కూడా ఆ చట్టంలో ఉంది; నా అనుభవంలో నకలు కంటే ఫైలును ఎదురుగా కూర్చొని తిరగేయడమే ఎక్కువ ఉపయోగపడింది, ఎందుకంటే నోట్ షీట్‌లో ఎవరు ఏ రోజున ఏమి రాశారో అక్కడే తెలుస్తుంది.

గిఫ్ట్ డీడ్ దొరకకపోయినా వెంచర్ యజమానికి ఆ స్థలం తిరిగి దక్కదు. ఢిల్లీ మున్సిపల్ కార్పొరేషన్‌కు సంబంధించిన ఒక కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతినే తేల్చింది. లేఅవుట్‌లో పార్కుకో, బడికో స్థలం కేటాయించాక యజమాని దాన్ని ప్రజల మేలు కోసం పట్టుకొని ఉన్నవాడవుతాడే తప్ప, ఇష్టం వచ్చినట్లు వాడుకునే సొంతదారుగా ఉండడు. అదే తీర్పు స్థానిక సంస్థకు నిర్వహణ హక్కు ఉన్నంత మాత్రాన యాజమాన్యం దానంతటదే రాదని కూడా చెప్పింది కాబట్టి, దస్తావేజు వెతకడం మానకండి. అంతకుముందు 1991లో బెంగళూరు రాజమహల్ విలాస్ ఎక్స్‌టెన్షన్‌లో పార్కుకు విడిచిన స్థలాన్ని ప్రైవేటు నర్సింగ్ హోమ్‌కు కేటాయిస్తే సుప్రీంకోర్టు చెల్లదంది. ఆసుపత్రి కూడా ప్రజోపయోగమే కదా అన్న వాదన అక్కడ నిలవలేదు. ఆ చుట్టుపక్కల నివసించేవారికి కోర్టుకు వెళ్లే అర్హత లేదన్న వాదనా నిలవలేదు. మీ హాలు వాదనకు ఇంతకంటే దగ్గరి జవాబు నాకు కనిపించలేదు.

అందరూ మరిచిపోయే ఒక పని ఉంది. ప్రభుత్వ భూ రికార్డులుండే భూ భారతి పోర్టల్‌లో మీ లేఅవుట్ సర్వే నంబర్లు తెరిచి చూడండి. పాత లేఅవుట్లలో చాలాచోట్ల ప్లాట్లు అమ్ముడుపోయి ఇళ్లు లేచిన తరువాత కూడా రెవెన్యూ రికార్డుల్లో అది వ్యవసాయ భూమిగా, మొదటి పట్టాదారు పేరు మీదే ఉండిపోయింది. దీనికి ముందున్న ధరణి పోర్టల్ కాలంలో ఆ పేరు ఆధారంగా వారసులు పాస్ పుస్తకాలు తెచ్చుకొని, రోడ్లను, పార్కులను ఎకరాల లెక్కన మళ్లీ అమ్మిన ఉదంతాలున్నాయి. మీ పార్కు అలా కనిపిస్తే, హాలు గొడవకంటే ముందు కలెక్టరేట్‌లో సోమవారం ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణికి వెళ్లి దరఖాస్తు ఇవ్వండి. ఔటర్ లోపలి వారైతే చెరువులు, పార్కుల ఆక్రమణలను తొలగించే హైడ్రా సంస్థను ఆశ్రయించమని చెప్పేవాణ్ణి. మీరు అవతల ఉన్నారు కాబట్టి దాని పరిధిలోకి రారు.

హాలు కావాలనేవారిని శత్రువులుగా చూడకండి. వారి అవసరం నిజమైనది, అడుగుతున్న చోటే తప్పు. కొత్త నిబంధనలతో వచ్చే లేఅవుట్లలో పార్కు కాక సామాజిక అవసరాల కోసం విడిగా కొంత స్థలం వదలాలి. మీ పక్కనున్న ఎనిమిది ఎకరాల జోన్ మార్పు ఒకవేళ ఆమోదం పొందితే, అక్కడ వచ్చే లేఅవుట్‌లో ఆ సామాజిక స్థలాన్ని ప్రహరీ గోడ లోపల కాక, మీ వైపు రోడ్డు మీద చూపించాలని, దాన్ని మున్సిపాలిటీకే అప్పగించాలని సూచనగా రాయండి. ప్రకటనలో అభ్యంతరాలతోపాటు సూచనలు కూడా అడిగారు కదా. ఆ రెండో మాటను ఎవరూ వాడుకోరు.

సమాధానం 4 (అనుమతి లేని వెంచర్ నివాసి)

మీ పార్కుకు ఆడుకోవడానికి వచ్చే పిల్లల్లో మావాళ్లలాంటివారే ఉంటారు కాబట్టి రాస్తున్నాను. మా వెంచర్‌లో ఖాళీ స్థలం ఒక్క గజం కూడా వదలలేదు. 2020 నాటి ఎల్.ఆర్.ఎస్. (లేఅవుట్ క్రమబద్ధీకరణ పథకం) కింద దరఖాస్తు పెట్టాక, ఖాళీ స్థలం లేని లోటుకు ప్లాటు విలువలో 14 శాతం ఓపెన్ స్పేస్ ఛార్జీ అని వేరుగా కట్టించుకున్నారు. పార్కు లేనందుకు డబ్బు కట్టాము, పార్కు మాత్రం ఎక్కడా రాలేదు. మీ మున్సిపాలిటీలో అలా వసూలైన మొత్తం ఎంత, దాన్ని ఏ పనులకు ఖర్చు చేశారు అని ఎవరైనా సమాచార హక్కు కింద అడగాలి. చుట్టుపక్కల వెంచర్లన్నీ కట్టిన సొమ్ముతో వాగు పక్కన ఒక ఎకరమైనా కొంటే, పైన రైతుగారు అడిగిన ధర కూడా ఆయనకు దక్కుతుంది.

సమాధానం 1 రాసినవారు, మళ్లీ

ఎల్.ఆర్.ఎస్. సొమ్ము గురించి వచ్చిన సూచన చాలా విలువైనది. దాన్ని జోన్ అభ్యంతరంలో కాక మున్సిపల్ కమిషనర్‌కు ప్రత్యేక వినతిగా ఇవ్వండి. దానికి జోడించవలసింది ఒకటి ఉంది. తెలంగాణ మున్సిపాలిటీల చట్టం, 2019 ప్రకారం ప్రతి మున్సిపాలిటీ తన బడ్జెట్‌లో పది శాతాన్ని పచ్చదనానికి కేటాయించాలి; నాటిన మొక్కల్లో 85 శాతం బతికించే బాధ్యత కూడా ఉంది. అంటే మొక్కలు నాటడానికి స్థలం వెతుక్కోవలసిన అవసరం వారికే ఉంది. మీ పార్కులోని గడ్డి, తెగిన ఉయ్యాల వల్లనే అది "ఖాళీగా పడి ఉన్న స్థలం" అనే పేరు మోస్తోంది. హాలు వద్దని రాసే ఉత్తరంతోపాటే కంచె, నడక దారి, మొక్కల కోసం ఆ పది శాతం నుంచి నిధులు అడుగుతూ ఇంకో ఉత్తరం ఇవ్వండి. నా ఉద్యోగ జీవితంలో ఆక్రమణకు గురైన పార్కుల్లో అత్యధికం కంచె లేనివే. మున్సిపాలిటీ ఒకసారి సొంత డబ్బుతో కంచె వేసి బోర్డు పెట్టిందంటే, ఆ స్థలం తనదేనని తన రికార్డులోనే ఒప్పుకున్నట్లవుతుంది; గిఫ్ట్ డీడ్ దొరకని మీకు అది మంచి ఆధారం.

జోన్ విషయంలో మాత్రం పెద్ద ఆశ పెట్టుకోమని చెప్పలేను. ప్రతిపాదన ప్రకటన దశకు వచ్చిందంటే కార్యాలయ స్థాయిలో అప్పటికే ఒక అభిప్రాయం ఏర్పడి ఉంటుంది. మార్పును పూర్తిగా ఆపించగలిగినవారు తక్కువ. షరతులు పెట్టించగలిగినవారు మాత్రం ఉన్నారు. వాగు బఫర్‌ను లేఅవుట్ నక్షాలో విడిగా గుర్తించి ఖాళీగా ఉంచాలనే షరతు మార్పు ఉత్తర్వులోనే పడేలా అడగండి. రేపు ఆ షరతును ఉల్లంఘిస్తే అనుమతి రద్దు చేయమని అడిగే వీలు మీకు ఉంటుంది.

ప్రశ్న అడిగినవారు

అలాగే చేస్తాము. జోన్ మార్పు మీద ఐదు ఉత్తరాలు, అందులో రెండు పొరుగూరి రైతుల పేరిట, పార్కు మీద కమిషనర్‌కు ఒక వినతి, నిధులకు ఇంకొకటి, సమాచార హక్కు దరఖాస్తులు రెండు అని పని పంచుకున్నాము. ఈ.సి. కోసం రేపు సబ్ రిజిస్ట్రార్ కార్యాలయానికి వెళ్తున్నాము. వాగు బఫర్ గురించిన ఉత్తరం ముసాయిదాను రేపు రాత్రికి ఇక్కడ ఉంచుతాను. పంపేలోగా విశ్రాంత ఉద్యోగిగారు, న్యాయవాదిగారు ఒకసారి చూసి, సర్వే నంబర్లు, హద్దులు రాసిన తీరులో సవరించవలసినవి ఉంటే తెలపగలరు.